మగపిల్లవాడికి ఒక మాట

ముందు గదిలో టీవీ నడుస్తూంటే, వంటింట్లో పులుసు కలుపుకుంటున్న ఆడవాళ్లు తెర చూడకుండానే కథ చెప్పగలరు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో వాళ్లకు వాద్యాన్ని బట్టి తెలిసిపోతుంది. దుర్మార్గుడు ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటే వయొలిన్లు ఏడుస్తాయి, వెనక ఉరుము ఉరుముతుంది. అదే చెయ్యి కథానాయకుడు పట్టుకుంటే, ఆ పిల్ల విదిలించుకుంటూ ఉన్నా సరే, వేణువు మొదలై మెల్లగా పాటలోకి జారుతుంది. ఇక ఒక స్త్రీ మగవాణ్ణి గదిలోకి లాగి గడియ పెట్టిందనుకోండి. ఆమె లావుగానో, వయసు మళ్లినదిగానో, ఎత్తుపళ్లతోనో ఉండటం రివాజు. అప్పుడు తవిలూ డోలూ కలిసి ఏదో దరువు వాయిస్తాయి. ముందు గదిలో పిల్లలతో సహా అందరూ నవ్వుతారు.

మూడు చోట్లా జరిగిన పని ఒకటే. ఒకరు వద్దంటున్నారు, రెండోవారు వినడం లేదు. చూసేవాడికి ఏడవాలో, మురవాలో, నవ్వాలో చెప్పేది మాత్రం వాద్యం. అది చెప్పినట్టల్లా ముప్ఫై ఏళ్లుగా మనం చేస్తున్నాం. ఆ అలవాటు వల్ల ఎవరికి నష్టం జరిగిందన్నది ఆలోచిద్దామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఒట్టపిడారం పక్క పల్లెలకు టీవీ నెమ్మదిగానే వచ్చింది. 1987, 88లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం, ఆ వెనుక 1990 వరకు మహాభారతం వచ్చిన రోజుల్లో వీధికంతా ఒక పెట్టె ఉంటే గొప్ప. 1993లో సన్ టీవీ, 1995లో తెలుగున ఈటీవీ, జెమినీ మొదలయ్యాయి. 2006 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా రంగుల టీవీలు పంచాక, అగ్గిపెట్టెల పనికి వెళ్లే కుటుంబం ఇంట్లో కూడా పెట్టె వెలిగింది. మనబోటి వాళ్లకు ఒక వింత సౌకర్యం కూడా కలిగింది. ఒకే కథను రెండు భాషల్లో చూడగలం. ఇక్కడ మనం ‘చిత్తి’ చూస్తుంటే, ఆంధ్రలోని చుట్టాలు దానినే ‘పిన్ని’గా చూశారు. కాబట్టి ఈ దోషం తమిళులది, ఆ దోషం తెలుగువారిది అని పంచుకోవడానికి మనకు వీలులేదు. రెండింటిలోనూ మనకు వాటా ఉంది.

1994లో వచ్చిన ‘నాట్టామై’ తమిళ చిత్రాన్ని తీసుకోండి. మరుసటి ఏడు తెలుగులో ‘పెదరాయుడు’ అయింది. పండగ వచ్చిందంటే ఏదో ఒక ఛానెల్‌లో రెండింట్లో ఒకటి తప్పదు. అందులో ఊరి పెద్ద బంధువు ఒకడు ఒక పేదపిల్లను చెరుస్తాడు. పంచాయతీ కూర్చుంటుంది. సొంతవాడని కూడా చూడకుండా పెద్దాయన తీర్పు చెబుతాడు: ఆ పిల్ల మెడలో వాడే తాళి కట్టాలి.  నేను ఎన్నో ఇళ్లలో ఈ ఘట్టం చూశాను. ప్రతి ఇంట్లోనూ ముసలివాళ్లు ‘అదీ తీర్పు!’ అని తొడ చరుస్తారు. ఆ పిల్లను ఎవరైనా ఒక్క మాట అడిగారా? తనను చెరచినవాడితో జీవితాంతం ఒకే కప్పు కింద పడుకోవడం శిక్ష ఎవరికి? దర్శకుడు ఆమెను అడగలేదు, పెద్దాయన అడగలేదు, మనమూ అడగలేదు. ఏడుపుతో మొదలైన సంగతి తాళి తీర్పుతో తేలింది కనుక మనసు కుదుటపడింది.

రెండో వాద్యం సంగతి చెప్పనక్కరలేదు. అమ్మాయి వద్దన్నకొద్దీ వెంటపడటమే ప్రేమ అని మన రెండు భాషల సినిమాలూ ఎన్నేళ్లు నేర్పాయో లెక్కలేదు. 2016 జూన్‌లో చెన్నై నుంగంబాక్కం రైల్వే స్టేషన్‌లో పట్టపగలు ఒక యువతి హత్య జరిగిన తరువాత, ఈ వెంటపడే నాయకుల గురించి తమిళనాట పెద్ద చర్చే సాగింది. కొందరు నటులూ దర్శకులూ ఆలోచనలో పడ్డారు. పాత సినిమాలు మాత్రం టీవీలో అలాగే తిరుగుతున్నాయి.

మూడో వాద్యం గురించి చర్చ జరగడం నేను ఎక్కడా వినలేదు. ఇ.వి.వి. సత్యనారాయణ గారి ‘జంబ లకిడి పంబ’ చూడనివారు మనలో తక్కువ. ఒక మందు మహిమ వల్ల ఆడవాళ్లు మగవాళ్లలా, మగవాళ్లు ఆడవాళ్లలా మారిపోతారు. ఆడవాళ్లు వీధిలో నిలబడి మగవాళ్లను అల్లరి పెడతారు. మగవాళ్లు తలవంచుకుని బిక్కుబిక్కుమంటూ పోతారు. ఇల్లంతా పకపకలు. నేనూ నవ్వాను. అయితే ఆ నవ్వులో ఒక సత్యం దాగి ఉంది. వీధిలో ఆడపిల్లకు జరిగేది అన్యాయమని చూసేవాళ్లందరికీ బాగా తెలుసు. తెలియకపోతే తలకిందులు చేసినప్పుడు నవ్వు రాదు. తెలిసిన అన్యాయాన్ని చీర కట్టుకున్నవారికి జరిగితే మామూలనీ, పంచె కట్టుకున్నవారికి జరిగితే తమాషా అనీ మనం అనుకుంటున్నాం.

ఆ తరువాత హాస్యానికే ప్రత్యేక ఛానెళ్లు పుట్టాయి. 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలై, మగవాళ్లే ఆడవేషం కట్టి మొగుళ్లను బాదడం, పరాయి మగవాడి మీద పడటం ఇంటింటి వినోదమైంది. తమిళ హాస్యంలోనూ పెళ్లాం చేత తన్నులు తినే మగవాడు ఎప్పటినుంచో ఉన్నాడు. వీటిలో కొన్ని నిజంగా మంచి హాస్యమే, కాదనను. నాకు ఎదురైన చిక్కు వేరు.

2009 వేసవిలో మా వీధి పిల్లలు కొందరు మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చేవారు. వారిలో పదమూడేళ్ల కుర్రవాడు ఒకడు. గలగలా మాట్లాడేవాడు కాస్తా, ఊరి అమ్మవారి కొడ అయిపోయిన వారం నుంచి నోరు విప్పడం మానేశాడు. రెండు వీధుల అవతల, వరసకు వదిన అయ్యే ఒకామె ఇల్లుంది. ఆ ఇంటి వైపు పంపితే చుట్టు తిరిగి వెళ్లేవాడు. తరువాత తెలిసింది. కొడ రాత్రి, అందరూ గుడి దగ్గర ఉన్నప్పుడు, ఆమె వాణ్ణి ఇంట్లోకి పిలిచి తలుపు వేసింది. వాడు వద్దని ఏడ్చాడు. మరుసటి నాడు ధైర్యం చేసి మేనమామతో చెప్పుకున్నాడు. మేనమామ టీకొట్టులో నలుగురికి చెప్పాడు. ‘వరసేగా!’ అని ఒకరన్నారు. ‘అదృష్టవంతుడివిరా’ అని ఇంకొకరన్నారు. ఒకాయన నోటితోనే ఆ టీవీ దరువు వాయించాడట. ఆ వేసవంతా వాడు ఆ వీధిలో నడిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ దరువు వాయించేవారు.

ఆ ‘వరసేగా’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. బావా మరదళ్లు, వదినా మరుదులు ఎకసెక్కాలాడుకోవడం మన కుటుంబాలలో తరతరాలుగా ఉన్నదే. అది చెడ్డదని నేననను. పెళ్లిపందిట్లో పసుపునీళ్లు చల్లుకోవడం, పొడుపుకథలతో ఒకరినొకరు ఓడించుకోవడం మన ఇళ్లకు అందం. సరసానికి వరస హక్కు ఇస్తుంది. కాని ఎదుటివారి మొహంలో నవ్వు ఆగిన క్షణాన ఆ హక్కు కూడా ఆగిపోతుందని మన అవ్వలకు తెలుసు. ‘చాల్లే, పిల్ల ఏడ్చేట్టుంది’ అని వాళ్లే ఆపేవారు. పిల్లవాడి విషయంలో ఆపేవారు లేరు. మగపిల్లవాడు ఏడ్చేట్టున్నాడని ఎవరికీ తోచదు.

నాతో చెప్పడానికి వాడు పడ్డ అవస్థ నాకింకా గుర్తు. తెలుగులో మొదలుపెట్టి మాట దొరక్క ఆగాడు. తమిళంలోకి మారి అక్కడా ఆగాడు. చివరకు, “ఆడపిల్లలకైతే దానికి పేరుంది గదా టీచర్, మగపిల్లలకు ఏమంటారు?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు నిఘంటువులో కూడా సులువుగా దొరకదు. మన తెలుగు పత్రికలు చాలాకాలం ‘మానభంగం’ అని రాశాయి. తమిళ పత్రికలు ‘కర్పళిప్పు’ అని రాశాయి. రెండింటి తాత్పర్యమూ ఒకటే. స్త్రీ దగ్గర మానమనో, పాతివ్రత్యమనో ఒక కుండ ఉంది, దానిని ఎవడో పగలగొట్టాడు. ఇళ్లలో ఇంకా మోటుగా ‘ఆ పిల్ల చెడిపోయింది’ అంటారు. చెడగొట్టినవాణ్ణి చెడిపోయాడని అనరు. ఇటీవల తమిళంలో ‘పాలియల్ వన్‌కొడుమై’ అనీ, తెలుగులో ‘లైంగిక దాడి’, ‘అత్యాచారం’ అనీ రాయడం వచ్చింది. మంచిదే. కాని నోటి మాటలో ఆ పాత కుండే ఉంది. ఆ కుండ మగవాడి దగ్గర లేదని లోకం నమ్మిక. లేనిది పగలదు గనుక, వాడికి జరిగినదానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని నవ్వి వదిలేయడం తేలిక.

మనకు అరగంట దూరంలోని ఎట్టయపురంలో 1882లో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి, కర్పు అనేది ఉండి తీరాలంటే అది ఆడవారికీ మగవారికీ ఉమ్మడిగా ఉండాలని వాదించారు. పెరియార్ కూడా స్త్రీల బానిసత్వం మీద రాసిన పుస్తకాన్ని కర్పు గురించిన చర్చతోనే మొదలుపెట్టారు. ఆ పెద్దలు చెప్పినదంతా ఆడవారి భారం దించడానికే. అయితే ఆ కుండను ఆడవారి నెత్తి మీద నుంచి దించితే, మగపిల్లవాడికి కూడా గొంతు వస్తుందని నాకు తోస్తుంది.

నిజానికి ఇది అరుదైన సంగతి కాదు. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ పిల్లలపై జరిగే దుర్మార్గాల గురించి 13 రాష్ట్రాలలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా, 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక ప్రచురించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పినవారు 53.22 శాతం. వారిలో సగానికి పైగా, 52.94 శాతం, మగపిల్లలు. వీరందరినీ బాధపెట్టింది ఆడవాళ్లని కాదు. మగపిల్లల మీద చెయ్యి వేసే మగవాళ్లు కూడా ఉన్నారు. టీవీ హాస్యం వారిని కూడా ఆ దరువుతోనే సరిపెడుతుంది.

చట్టం కొంత కళ్లు తెరిచింది. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను ఆడ, మగ తేడా లేకుండా కాపాడుతుంది. తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని నిర్బంధిస్తుంది. 2024 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, నేరం చేసినది స్త్రీ అయినా ఆ చట్టం కింద విచారించవచ్చని చెప్పింది. 2009లో మన పిల్లవాడికి ఈ ఆసరా లేదు. వాడి తల్లి మాత్రం మొత్తం విన్నది, ఒక్కసారి కూడా నవ్వలేదు. వాణ్ణి ఆ ఇంటి ఛాయలకు పంపలేదు. టీకొట్టుకు వెళ్లి అన్నగారిని నలుగురిలో కడిగేసింది. దరువు ఆగింది.

పెద్దవారి విషయంలో చట్టం మళ్లీ పాత దారిలోనే ఉంది. 2013 ఫిబ్రవరిలో తెచ్చిన ఆర్డినెన్సు లైంగిక దాడిని స్త్రీపురుష భేదం లేకుండా నిర్వచించింది. ఏప్రిల్‌లో వచ్చిన చట్టం మళ్లీ నేరస్థుడు పురుషుడు, బాధితురాలు స్త్రీ అన్నది. 2024 జూలై 1న అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. పైగా పాత 377 సెక్షనుకు సాటి వచ్చే నిబంధన ఏదీ కొత్త సంహితలో లేకపోవడంతో, బలాత్కారానికి గురైన వయోజన పురుషుడికి ఉన్న ఆ కాస్త ఆధారమూ పోయింది. భార్యను బలవంతపెట్టిన భర్తకు మినహాయింపు మాత్రం భద్రంగా మిగిలింది. తెర మీది మూడు వాద్యాలూ చట్టంలో కూడా వినిపిస్తున్నాయి కదా! సినిమాల సెన్సారుకు కేంద్రం 1991 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ‘స్త్రీలపై’ లైంగిక హింస దృశ్యాలను నివారించాలనీ, కథకు తప్పనిసరైతే కనిష్ఠానికి తగ్గించాలనీ అంటాయి. పురుషుడిపై జరిగే హింసను ఆ వాక్యం ఊహించలేదు.

స్త్రీ సంఘాలు చట్టంలో భేదం తీసివేయడాన్ని ఊరికే వ్యతిరేకించలేదు. చెరచినవాడే ఎదురు కేసు పెట్టి ఆడపిల్లను కోర్టు చుట్టూ తిప్పుతాడన్నది వారి భయం. మన పంచాయతీల తీరు తెలిసినవారెవరూ ఆ భయం వట్టిదనలేరు. ఒక స్త్రీగా నాకూ ఆ భయం ఉంది. మగవాడికి కూడా జరుగుతుంది సుమా అనే మాటను, ఆడపిల్ల ఫిర్యాదు చేసినప్పుడు ఆమె నోరు మూయించడానికే బయటికి తీసేవారిని నేను ఎరుగుదును. వారికి ఆ మగపిల్లవాడి మీద దయ ఉండి కాదు. టీకొట్టులో దరువు వాయించేదీ వారే.

ఇది కొత్త రోగం కాదు. మన సారంగధరుడి కథ చూడండి. తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థానంలో చేమకూర వేంకటకవి కావ్యంగా రాశారు. నాటకంగా తెలుగున, తమిళాన ఊరూరా ఆడారు. 1957లో ఎన్.టి. రామారావుతో తెలుగు చిత్రం, 1958లో శివాజీ గణేశన్‌తో తమిళ చిత్రం వచ్చాయి. రెండింటిలోనూ చిత్రాంగి భానుమతి గారే. ఎగిరిపోయిన పావురం కోసం రాకుమారుడు సవతితల్లి మందిరానికి వెళతాడు. ఆమె కామించి బలవంతపెడుతుంది. అతడు కాదంటాడు. ఆమె చెప్పిన అబద్ధం నమ్మి రాజరాజ నరేంద్రుడు కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు.

మగపిల్లవాడి మీద జరిగిన బలవంతాన్ని హాస్యం చేయకుండా చెప్పిన కథ మనకు ఇదొకటి ఉంది. కాని దాని నుంచి మనం నేర్చుకున్న నీతి ఏమిటి? ‘ఆడదాని మాట నమ్మకు’ అని. ఆ మందిరంలో ఆ కుర్రవాడి గుండె ఎలా కొట్టుకుందో ఎవరికీ పట్టలేదు. సిద్ధుడి దయ వల్ల కాళ్లూ చేతులూ తిరిగి వచ్చాయి గనుక కథ కంచికి వెళ్లింది. అలా ఒకే కథతో రెండు నష్టాలు జరిగాయి. నిజం చెప్పే ఆడపిల్లను అనుమానించడానికి చిత్రాంగి పనికొచ్చింది. బాధపడ్డ మగపిల్లవాడు మాత్రం నిష్ఠ గలవాడిగా మిగిలాడే తప్ప, బాధితుడిగా మిగలలేదు.

మన వలస కథ ఇంకొకటి ఉంది. తరాల వెనక ఒక పాలకుడు మన ఇంటి పిల్ల మీద కన్ను వేశాడనీ, ఇవ్వడం ఇష్టంలేక రాత్రికి రాత్రి కదిలి వచ్చామనీ, ఏరు అడ్డమైతే కానుగ చెట్టు వంగి దారి ఇచ్చిందనీ చెప్పుకుంటాం. ఇడైసెవల్ వాసి కి. రాజనారాయణన్ ఈ జ్ఞాపకాన్నే ‘గోపల్ల గ్రామం’ నవలలో నిలిపారు. ఆ కథ చరిత్రలో ఎంత నిజమో నాకు ముఖ్యం కాదు. ఒక పిల్ల ‘వద్దు’ కోసం పొలాలూ, ఇళ్లూ, గొడ్లూ వదిలి నడిచిన జాతి మనది అని చెప్పుకుంటున్నాం. అంత గొప్పగా చెప్పుకునేవాళ్లం, పక్క వీధిలోని పిల్లవాడి ‘వద్దు’ కోసం టీకొట్టు బెంచీ మీద నుంచి కూడా లేవలేదు. ఆ పిల్ల మాటను కులగౌరవం అనుకున్నాం కనుక కదిలామా, లేక ఆమె వద్దంది కనుక కదిలామా? రెండోది అయితే, పిల్లవాడి మాటకూ కదలాలి.

టీవీని కట్టేయమని నేను చెప్పను. కట్టేసినా పక్కింటి నుంచి వినబడుతుంది. పిల్లలు పక్కన ఉన్నప్పుడు ఒక చిన్న పని చేయవచ్చు. పాట వచ్చినా, దరువు వచ్చినా, ఒక్కసారి ధ్వని తగ్గించి చూడండి. వాద్యం లేకపోతే తెర మీద మిగిలేది ఇద్దరు మనుషులు, వారిలో ఒకరు వెనక్కి జరుగుతూ ఉంటారు. అది పిల్లలకు వెంటనే తెలుస్తుంది. తెలియకపోతే, ‘వాడు వద్దంటున్నాడు కదా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఇక ఆ కుర్రవాడు అడిగిన మాట. మన పిల్లలకు తెలుగు బడిలో లేదు, కొలువులో లేదు. ఇంట్లో మిగిలిన తెలుగు అంతా పిలుపులు, తిండి, తిట్లు. అయినా వెతికితే అందులోనే ఒక మాట ఉంది. కడుపు నిండిన బిడ్డకు ఇంకో ముద్ద పెట్టబోతే అవ్వ అంటుంది: ‘బలవంతం చేయకే, వద్దంటోంది గదా’ అని. బలవంతం అన్న మాటలో మానం లేదు, కర్పు లేదు, ఆడా మగా లేరు. ఒకరి బలం ఉంది, ఇంకొకరి ‘వద్దు’ ఉంది. రెండేళ్ల బిడ్డకు కూడా అర్థమయ్యే మాట అది. ఆ రోజు నేను వాడికి ఇచ్చిన జవాబు కూడా అదే. “మగపిల్లలకైనా, ఆడపిల్లలకైనా అది బలవంతమే నాయనా. తప్పు నీది కాదు.” వాడు ఆ మాటను తనలో తాను రెండుసార్లు అనుకుని, ఇంటికి వెళ్లి వాళ్లమ్మతో చెప్పాడు.